సవరణ: ఫెలోషిప్‌కు గుర్తింపు వేరు, సర్జన్‌కు సర్టిఫికెట్ వేరు

అమెరికాలో ఆర్థోపెడిక్ స్పోర్ట్స్ మెడిసిన్ (ఆటల గాయాలకు ఎముకలు, కీళ్ల వైద్యం) ఫెలోషిప్, అంటే రెసిడెన్సీ తర్వాతి ప్రత్యేక శిక్షణ, పూర్తిచేస్తే సబ్‌స్పెషాలిటీ సర్టిఫికెట్ దానంతటదే వస్తుందని ముందు రాసినదాంట్లో ఉంది. రాదు. అక్కడి వైద్య శిక్షణలకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ. ఆ గుర్తింపు శిక్షణ కార్యక్రమానికి. సర్జన్‌కు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది ఏబీఓఎస్ అనే ఆర్థోపెడిక్ సర్జరీ బోర్డు. 5 ఏళ్ల రెసిడెన్సీ, గుర్తింపున్న 12 నెలల ఫెలోషిప్, ఏబీఓఎస్ ప్రధాన (ఆర్థోపెడిక్ సర్జరీ) సర్టిఫికెట్, తాను చేసిన కేసుల జాబితా ఉంటేనే 2007లో మొదలైన ఆ సబ్‌స్పెషాలిటీ పరీక్షకు అర్హత.

చిక్కంతా జాబితా దగ్గరే. ఫెలోగా సీనియర్ పక్కన స్కోపు (కీలు లోపల చూసే కెమెరా గొట్టం) పట్టుకున్న ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) సర్జరీలు అందులోకి రావు. ప్రాక్టీసులోకి వచ్చాక, వరసగా ఏడాదిపాటు సొంత బాధ్యతపై చేసినవే లెక్క. అందుకే ఫెలోషిప్ అయిన వెంటనే పరీక్ష రాయడం కుదరదు.

ప్రైమరీ కేర్ స్పోర్ట్స్ మెడిసిన్‌కూ ఏసీజీఎంఈ గుర్తింపు ఉంది గానీ అందులో సర్జరీ ఉండదు. మన దేశ వైద్య పరీక్షల బోర్డు ఎన్‌బీఈఎంఎస్ ఇచ్చే 2 ఏళ్ల ఎఫ్‌ఎన్‌బీ ఫెలోషిప్ దారే వేరు. దాన్ని చూపి ఏబీఓఎస్ పరీక్షకు కూర్చోలేరు.