అద్దంలో కనిపించని ఉద్యోగం

"జిమ్ ట్రైనర్ అవుతాను" అని పద్దెనిమిదేళ్ల అమ్మాయో అబ్బాయో ఇంట్లో నోరు విప్పగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అదీ ఒక ఉద్యోగమేనా, చదువు అబ్బనివాళ్లు చేసే పని కదా అని పెద్దవాళ్లు. ఒళ్లు ఫిట్‌గా ఉంటుంది, ఇష్టమైన పనికి జీతం కూడా వస్తుంది అని పిల్లలు. వినేవాళ్లకు అది పోట్లాటలాగే ఉంటుంది. కానీ ఇద్దరి కళ్ల ముందూ ఉన్నది ఒకే బొమ్మ: బిగుతు టీషర్టు, ఉబ్బిన కండలు, ఎదురుగా నిలువుటద్దం. ఆ బొమ్మే తప్పని మా అభిప్రాయం. దాన్ని చూసి వద్దన్నవాళ్లూ, దాన్ని చూసి ఎగబడినవాళ్లూ అసలు ఉద్యోగాన్ని ఇంకా చూడలేదు.

వ్యాయామానికీ జబ్బులకూ ఉన్న లంకెను వైద్యులు లెక్కలతో పట్టుకుని ఇంకా నూరేళ్లు కాలేదు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది ఆరోగ్యంలో ఒక తేడా బయటపెట్టాడు. రోజంతా స్టీరింగు ముందు కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. ఆ తర్వాత ఆయన బృందం సిబ్బంది యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు కూడా తీసి చూసింది. డ్రైవర్లవే పెద్దవి. ఇప్పుడు ప్రపంచంలో చాలా భాగం డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉంది. 2022 నాటికి పెద్దవాళ్లలో 31 శాతం మంది, అంటే దాదాపు 180 కోట్ల మంది, చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంస్థ అడుగుతున్నదేమీ కొండలు ఎక్కమని కాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు పని. అంతే. అదే మనవల్ల కావడం లేదు. జనవరిలో చేరి ఫిబ్రవరిలో మానేసినవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. ఈ సంపాదకీయం రాస్తున్న చేతులకూ ఆ పాపం అంటింది.

కాబట్టి పనికి కొదవ లేదు. పని చేయించుకోబోయేది ఎవరన్నదే అసలు ప్రశ్న. 2030 నాటికి భూమ్మీద ప్రతి ఆరుగురిలో ఒకరికి 60 ఏళ్లు దాటి ఉంటాయి. ఇవాళ ఇరవయ్యేళ్లున్న కుర్రాడు ఈ వృత్తిలోకి వస్తే, రేపు అతని ముందు నిలబడేది సిక్స్ ప్యాక్ కోరుకునే మరో కుర్రాడు కాకపోవచ్చు. మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవలేని ఆవిడ రావచ్చు, స్టెంటు వేయించుకున్న గుమాస్తా రావచ్చు, కాన్పయి నాలుగు నెలలైన తల్లి రావచ్చు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునే డ్రైవరు రావచ్చు. వీళ్లలో ఎవరికీ ట్రైనర్ చేతి కండ చుట్టుకొలతతో పని లేదు.

బరువులెత్తే వ్యాయామానికి ఇప్పుడున్న పద్ధతి వచ్చిన దారి చూసినా ఇదే తెలుస్తుంది. థామస్ డిలోర్మ్ కుర్రతనంలో రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, బరువులెత్తి కోలుకున్న మనిషి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడిగా, గాయపడి కాళ్లు సన్నబడిపోయిన సైనికుల చేత అదే పని చేయించాడు. మోయగలిగినంతతో మొదలుపెట్టి, బలం వచ్చినకొద్దీ బరువు పెంచుతూ పోవడం ఆయన పద్ధతి. ఇవాళ ఏ జిమ్‌లో చూసినా వినిపించే పదేసిసార్లు ఎత్తే రిపిటీషన్లు, వాటి విడతలైన సెట్ల లెక్కకు ఆయన పని ఒక ముఖ్యమైన మూలం. దానికి నడక దిద్దింది ఆసుపత్రి మంచాల దగ్గర.

ఇప్పుడు ఉద్యోగం లోపలికి వెళ్దాం. అరవై ఏళ్ల మనిషి ట్రెడ్‌మిల్ ఎక్కాడు. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని ఏ గోడ మీది పటమైనా చెబుతుంది. ఆ లెక్కన నిమిషానికి 160. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ప్రకారం, అంటే వయసును 0.7తో హెచ్చవేసి 208 లోంచి తీసేస్తే, 166. ఏ సూత్రమైనా మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది. అది సరే, ఆయన బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకుని వచ్చి ఉంటే? ఆ మందు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు. పటంలోని అంకె అందుకోవాలని ట్రైనర్ వేగం పెంచుతూ పోతే, ఆయన అప్పటికే శక్తికి మించి పరిగెత్తుతూ ఉంటాడు. తెలిసిన ట్రైనర్ గుండె వేగం చూపే గడియారం పక్కన పెట్టి మాట్లాడిస్తాడు. ఆగకుండా రెండు వాక్యాలు చెప్పగలుగుతున్నారా, ఒక్కో మాటకూ ఆయాసపడుతున్నారా అన్నది చూస్తాడు. అసలు మొదటి రోజే ఏ మందులు వాడుతున్నారని అడిగి రాసుకుంటాడు.

అడగకపోతే ఏమవుతుందో వేరే ఉదాహరణలూ ఉన్నాయి. బీపీ ఉన్న మనిషి ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి వ్యాయామం మధ్యలో చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు మొదలైతే అది అలసట కాకపోవచ్చు, రక్తంలో చక్కెర పడిపోతుండవచ్చు. కొత్తగా చేరినవాడి చేత మొదటి రోజే వందల గుంజీళ్లు తీయించి "రేపు నొప్పులొస్తేనే పని జరిగినట్టు" అనే ట్రైనర్లు ఉన్నారు. ఆ నొప్పి ఒక్కోసారి కండరం చితికి రక్తంలో కలిసేదాకా పోతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. రాబ్డోమయోలిసిస్ అంటారు దాన్ని. ఈ మాట వినకుండానే సర్టిఫికెట్ చేతికొచ్చిందంటే ఆ సర్టిఫికెట్‌ను అనుమానించాలి.

సర్టిఫికెట్ల సంగతి కాస్త నిలబడి మాట్లాడుకోవాల్సిందే. ఫిజియోథెరపీ చేయాలంటే ఏళ్ల తరబడి చదివి, చాలా దేశాల్లో లైసెన్సు తీసుకోవాలి. జిమ్ ట్రైనర్ కావడానికి చాలాచోట్ల చట్టం ఏమీ అడగదు. ఆ ఖాళీలో శని, ఆదివారాల కోర్సులు పుట్టగొడుగుల్లా లేచాయి. అలాగని దారి లేదని కాదు, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పాత సంస్థలున్నాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 1954 నుంచి, బలం పెంచే కోచ్‌ల సంఘం ఎన్ఎస్‌సీఏ 1978 నుంచి ఉన్నాయి. అథ్లెట్లకు శిక్షణనిచ్చే కోచ్ కోసం ఎన్ఎస్‌సీఏ పెట్టే పరీక్ష రాయాలంటే డిగ్రీ కావాలి. పేరున్న సర్టిఫికెట్లు రెండు మూడేళ్లకోసారి కొత్త చదువు చూపించి రెన్యూ చేయించుకోవాల్సినవే. డబ్బు కట్టేముందు కోర్సు నడిపేవాళ్లను మూడు ప్రశ్నలు అడగమంటాం. పరీక్ష పక్కన మనిషిని కూర్చోబెట్టి రాయిస్తారా, ఇంట్లో పుస్తకం చూసుకుంటూ రాయొచ్చా? సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషిని ఛాతీ నొక్కి ఆదుకునే పద్ధతి, వచ్చి ఉండాలన్న షరతు ఉందా? ఒకసారి ఇచ్చాక జీవితాంతం చెల్లుతుందా? మూడో దానికి "అవును" అని గర్వంగా చెబితే, బయటికి దారి ఎటో చూసుకోవాలి.

సీపీఆర్ మీద మాకు పట్టుదల ఉంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా లోపలికి దిగేలా నొక్కడం ఎవరైనా నేర్చుకోగలిగిన పని. గుండె ఆగిన మనిషికి అంబులెన్సు వచ్చేలోపు నిమిషాలే ప్రాణం. జనం గుండెల్ని పరుగులు పెట్టించడమే వ్యాపారమైన చోట ఆ పని తెలిసిన మనిషి ప్రతి షిఫ్టులో ఉండాలి, గోడకు గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉండాలి. ఇవి లేని జిమ్‌కు అనుమతి ఇవ్వకూడదు. ట్రైనర్ల కనీస అర్హతను ప్రభుత్వాలు చట్టంలో రాయాలి. యజమానులు గోల పెడతారు. పెట్టనివ్వండి.

వాపును చూసి బలుపు అనుకోకూడదన్న మాట ఈ రంగం కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ట్రైనర్ ఒళ్లే అతని సైన్‌బోర్డు అని యజమానులు అనుకున్నంత కాలం, ఆ బోర్డును తొందరగా తయారు చేసుకోవాలన్న ఒత్తిడి ఇరవయ్యేళ్ల పిల్లల మీద ఉంటుంది. కండలు పెంచే స్టెరాయిడ్ సూదులు అక్కడే మొదలవుతాయి. బయటినుంచి హార్మోను పోస్తుంటే ఒళ్లు తన సొంత మగ హార్మోను టెస్టోస్టిరాన్ తయారీని ఆపేస్తుంది. సంతాన సామర్థ్యం దెబ్బతింటుంది, గుండె కండరం మందమవుతుంది. ఎదిగే వయసులో అయితే ఎముకల పెరుగుదలే ముందుగా ఆగిపోవచ్చు. ఎంత పెంచినా అద్దంలో సన్నగానే కనిపించే జబ్బూ ఉంది. మజిల్ డిస్మార్ఫియా అని 1990ల్లో అమెరికా మానసిక వైద్యుడు హారిసన్ పోప్ బృందం దానికి పేరు పెట్టింది. ఆ జబ్బున్నవాడు కోచ్ కుర్చీలో కూర్చుంటే పక్కవాళ్లకూ అంటించే ప్రమాదం ఉంది. ట్రైనర్లకు ప్రొటీన్ డబ్బాల అమ్మకాల టార్గెట్లు పెట్టే అలవాటునూ యజమానులు మానుకోవాలి. సలహా చెప్పే నోరూ సరుకు అమ్మే నోరూ ఒకటైతే, వినేవాడు దేన్ని నమ్మాలి?

డబ్బు సంగతి పిల్లలకు ఎవరూ సూటిగా చెప్పరు. జనం ఆఫీసుకు ముందు వస్తారు, ఆఫీసు అయ్యాక వస్తారు. కాబట్టి ట్రైనర్ రోజు తెల్లవారుజామున ఐదింటికి మొదలై పదింటికి ఆగుతుంది, మళ్లీ సాయంత్రం ఐదింటికి మొదలై రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. మధ్యలో ఖాళీ, దానికి జీతం ఉండదు. చాలామందికి నెలజీతం నామమాత్రం, అసలు రాబడి పర్సనల్ ట్రైనింగ్ సెషన్ల మీద వచ్చే వాటా. క్లయింటు ఊరెళితే ఆదాయం ఊరెళుతుంది, ట్రైనర్‌కు జ్వరమొస్తే ఆ రోజు సున్నా. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మంది ఆరు నెలల్లో మానేస్తారు కనుక వెతుకులాట ఎప్పుడూ ఉంటుంది. రోజుకు ఏడెనిమిది గంటలు ఇంకొకరి రిపిటీషన్లు లెక్కపెట్టాక తన వ్యాయామానికి ఓపిక మిగలదు. ఇష్టం కోసం వచ్చినవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. గ్రూప్ క్లాసులు చెప్పేవాళ్లకు గొంతు పోతుంది. మైకు పెట్టమని అడగడానికి మొహమాటపడేవాళ్లను చూశాం. ఫ్లోర్ మీద నిలబడిన ప్రతి గంటకూ జీతం ఇవ్వాలన్నది వాళ్ల న్యాయమైన కోరిక. కమీషన్ దాని మీద వేరే లెక్క.

ఆన్‌లైన్ కోచింగ్ ఈ గంటల లెక్కను దాటే మార్గమని కొందరంటారు. కొంతవరకు నిజమే. అయితే ముప్పై సెకన్ల వీడియోకు లక్ష లైకులు రావడం ఒక పని, తెర అవతలి మనిషి వెన్ను వంగిపోతున్నట్టు పట్టుకోవడం ఇంకో పని. మొదటిది వచ్చినవాళ్లందరికీ రెండోది రాదు.

జిమ్ ఒక్కటే తలుపు కూడా కాదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు, ఈత నేర్పేవాళ్లు, క్రీడా జట్ల కండిషనింగ్ కోచ్‌లు, ఫిజియోథెరపిస్టులు, క్రీడా పోషకాహార నిపుణులు, గుండె ఆపరేషన్ అయినవారి చేత మళ్లీ నడక మొదలుపెట్టించే పునరావాస కేంద్రాల సిబ్బంది, అందరూ ఈ కుటుంబమే. ఇంటర్ వయసులో జీవశాస్త్రం మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లు నేరుగా సర్టిఫికెట్ కోర్సులోకి దూకకుండా ఈ పెద్ద చదువుల వైపు ఒకసారి చూడాలి. ముప్పై ఐదేళ్లకు మోకాలు మొరాయించినా ఆ చదువు అన్నం పెడుతుంది.

అమ్మాయిల గురించి ఒక మాట. ఆడవాళ్లలో చాలామంది ఆడ ట్రైనరే కావాలని అడుగుతారు, దొరకరు. గర్భిణులకూ బాలింతలకూ సరైన వ్యాయామం చెప్పగలిగినవాళ్లు ఇంకా తక్కువ. వచ్చిన అమ్మాయిలు నిలవకపోవడానికి రాత్రి షిఫ్టుల తర్వాత ఇంటికి చేరే టెన్షన్ ఒక కారణం, ఫ్లోర్ మీద ఎదురయ్యే వెకిలి మాటలు ఇంకో కారణం. భుజం సరిచేయడానికైనా చెయ్యి వేసేముందు అడగాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం కావాలి, ట్రైనర్ ఆడైనా మగైనా.

1990లో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు, వృద్ధుల కేంద్రంలో ఉంటున్న పదిమందిని తీసుకుని ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించిన పరిశోధనను ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 90. పూర్తి చేసినవాళ్లకు కాళ్ల బలం రెట్టింపు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. ఆ ఎనిమిది వారాలూ వాళ్ల పక్కన ఎవరో నిలబడి లెక్కపెట్టి ఉంటారు, పడిపోకుండా చూసి ఉంటారు, "ఇవాళ వద్దమ్మా" అన్నవాళ్లను బతిమాలి ఉంటారు. మేం ఇంతసేపూ చెబుతున్న ఉద్యోగం ఆ మనిషిది.

ఆ ఉద్యోగం మనకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి ఫీజు కట్టనక్కర్లేదు. ఇంట్లోనో పక్కింట్లోనో కుర్చీలోంచి లేవడానికి చేతుల ఆసరా వెతుక్కునే పెద్దవాళ్లు ఒకరుంటారు. ముందు వాళ్ల డాక్టరును ఒకసారి అడిగి, కుర్చీని గోడకు ఆనించి, రోజుకు పదిసార్లు లేచి కూర్చోబెట్టించండి. మొదటి రోజు ఐదుకే ఆగిపోతారు. మూడో రోజు నడుం నొప్పంటారు, వారం తిరిగేసరికి చుట్టాలొచ్చారంటారు. నెలాఖరుకు పన్నెండుసార్లు లేస్తారేమో. వీడియో తీసి పెట్టాలని కాక, రేపు పదమూడు చేయించాలని మీకు అనిపిస్తే, అప్పుడు వెళ్లి ఆ కోర్సు దరఖాస్తు తెచ్చుకోండి.