సవరణ: తూనీగ నీళ్లకు తోక తాకించేది ఒళ్లు చల్లబరచుకోవడానికి కాదు

నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం గట్టు మీద చూసిన తూనీగల గురించి పోయిన వారం రాస్తూ, అవి తోక కొసను మాటిమాటికీ నీళ్లకు తాకించేది ఎండకు ఒళ్లు చల్లబరచుకోవడానికేనని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. కీటకశాస్త్రం చదివిన మిత్రుడొకరు చెప్పాక గుర్తింపు పుస్తకాలు తిరగేశాను. అలా తాకించేది ఆడ తూనీగ, మనం తోక అనుకునేది దాని పొట్ట, ఆ కొస నుంచి అది నీటిలోకి గుడ్లు వదులుతుంది. గట్టు కింద ఆపిన కారు బానెట్‌కు కూడా ఒకటి తోక తాకించడం చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది: నిగనిగలాడే రేకు మీది వెలుగును అవి నీరని భ్రమపడతాయట.

రెండు తూనీగలు కొట్లాడుకుంటున్నాయని నేను పెట్టిన ఫొటో కూడా గుడ్లు పెట్టే జంటదే. మగది తన పొట్ట కొసతో ఆడదాని తల వెనుక పట్టుకొని, వేరే మగవి దగ్గరికి రాకుండా కాస్తుంది.

"కొన్ని వారాలే బతుకుతుంది" అన్న నా మాటను కొందరు మొత్తం ఆయుష్షుగా అర్థం చేసుకున్నారు. అది రెక్కలొచ్చిన తరువాతి లెక్క మాత్రమే. అంతకుముందు, జాతిని బట్టి కొన్ని వారాల నుంచి కొన్నేళ్ల దాకా, అది నీటి అడుగున పిల్లపురుగుగా ఉండి, మడిచిపెట్టుకున్న కింది పెదవిని ఒక్కసారిగా ముందుకు చాపి దోమపిల్లలనూ చిన్న తోకకప్పలనూ పట్టి తింటుంది. తుంగ కాడలకు అంటుకొని, వీపు చీలి, లోపల తెల్లని దారపు పోగులు వేలాడుతూ కనిపించే ఖాళీ తొడుగులు అది విడిచిపోయినవే.