గల్లాపెట్టె పక్కన కొలువైన కంప్యూటర్ గారికి

మహారాజశ్రీ బిల్లింగ్ కంప్యూటర్ గారి దివ్యసముఖమునకు తెనాలి కిరాణా కొట్టు వ్యాపారి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, తమరు పొద్దున్నుంచీ 38 శాతం దగ్గరే ఆగి ఉన్నారు. అప్‌డేట్ అవుతోందట, ఆపకూడదట. నీలం తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. ఇవాళ 20వ తారీఖు, నెలవారీ జీఎస్టీ లెక్క, 3బి రిటర్ను, వెయ్యాలి. ఆడిటర్ గారు ఇప్పటికే మూడుసార్లు ఫోన్ చేశారు. చేసేదేం లేక ఈ కాగితం తీశాను.

తమరు రాకముందు ఆ చోట మా నాన్నగారి చిట్టా, ఆవర్జా ఉండేవి. ఎర్ర అట్టలు. ఉగాదికి కొత్తవి తెచ్చి, మూలలకి పసుపు రాసి, మొదటి పేజీలో శ్రీ చుట్టి గానీ పద్దు రాసేవారు కాదు. తమకీ ఏ లోటూ చెయ్యలేదు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టాం. ఆ కుంకుమ కీబోర్డులో దూరి, సున్నా నొక్కితే ఇప్పటికీ రెండు సున్నాలు పడుతున్నాయి.

"ఐటీ లేకపోతే ఈ రోజుల్లో వ్యాపారమే లేదు నాన్నా" అని తమర్ని తెచ్చింది మావాడు. బీటెక్. "మరి మీ తాత నలభై ఏళ్లు చేసిందేంట్రా?" అంటే, "అది లెగసీ సిస్టమ్" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తెలీదు.

మొదటి వారంలోనే తమ ప్రతిభ బయటపడింది. వీధి చివర మామ్మగారు వచ్చి "పది రూపాయల పోపు సామాను కట్టు నాయనా" అన్నారు. నాలుగు డబ్బాల్లోంచి తలా ఇంత తీసి, రెండు ఎండుమిరపకాయలు పడేసి, పొట్లం కట్టి పురికొస చుడితే అయిపోయే పని. తమరు ఒక్కో సరుక్కీ పన్ను కోడ్ అడిగారు. ఆవాలు 1207, జీలకర్ర 0909, పప్పులు 0713, ఎండుమిర్చి 0904. ఆవాలకీ జీలకర్రకీ 5 శాతం జీఎస్టీ. విడిగా తూచిన మినప్పప్పుకి సున్నా. అదే పప్పు లేబులేసిన ప్యాకెట్‌లో ఉంటే, 2022 జులై 18 నుంచి, దానికీ 5. మామ్మగారు అరగంట స్టూలు మీద కూర్చుని, "పోన్లే నాయనా, ఇవాళ్టికి మజ్జిగ పోసుకుని తింటా" అని లేచి వెళ్లిపోయారు. చివరికి మావాడు ఆ పొట్లానికి 'మిసలేనియస్–1' అని నామకరణం చేశాడు. కొట్లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోతున్న సరుకు అదేనని ఇప్పుడు తమ రిపోర్టు చెబుతోంది. ఈసారి డీలర్ని ఓ బస్తా మిసలేనియస్ పంపమని అడగాలి.

ఇక అరువు. 'నేడు నగదు – రేపు అరువు' అని బోర్డు ఉంది నిజమే. ఆ బోర్డు కింద నిలబడే అరువు రాయించుకుంటారు, అదో మర్యాద. మా తాపీ మేస్త్రీకి వానాకాలంలో పనులుండవు. శ్లాబులు మొదలవగానే తెచ్చి ఇస్తాడు. వానలు పడ్డన్నాళ్లూ నాన్నగారు అతని పేజీ తిప్పేవారే కాదు. తమరు ఆగస్టులోనే మూడు మెసేజీలు పంపారు, 'డియర్ కస్టమర్, మీ బాకీ వెంటనే చెల్లించగలరు' అని. మర్నాడే వచ్చి, ఎక్కడ తెచ్చాడో, పైసాతో సహా కట్టేశాడు. కట్టి, ఫోన్ నా మొహం ముందు పెట్టి, "ఇరవై ఏళ్ల తర్వాత నేను డియర్ కస్టమర్‌నయ్యానా బాబాయ్?" అన్నాడు. ఇప్పుడు ఎదురు కొట్లో కొంటున్నాడు. తమ లెక్కలో మాత్రం ఆ బాకీ 'విజయవంతంగా వసూలైంది', పచ్చరంగులో.

అలాగని తమర్ని తీసిపారెయ్యను. ఏడాదిగా ఓ రకం నూనె ప్యాకెట్‌ని రూపాయి నష్టానికి అమ్ముతున్నానని పట్టుకున్నది తమరే. కొత్త రేటు చీటీ క్యాలెండర్ వెనక పడిపోయింది, తప్పు నాదే. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం పన్ను నుంచి 5కి దిగినప్పుడు రాత్రికి రాత్రి కొట్టంతా రేట్లు మార్చింది కూడా తమరే. ఆవర్జా వల్ల అయ్యే పని కాదది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సర్కారు వారితో మాట్లాడాలంటే తమ నోటితోనే మాట్లాడాలి. 50 వేలు దాటిన సరుకు లారీ ఎక్కాలన్నా ఆన్‌లైన్లో ఈ-వే బిల్లనే రవాణా చీటీ పుట్టాలి. కొట్టుకి తమరు అవసరమో కాదో గానీ, కొట్టు చుట్టూ ఉన్నవాళ్లందరికీ తమరే కావాలి. ఇంట్లో అల్లుడి హోదా అన్నమాట.

అల్లుడికీ అలక ఉంటుందిగా. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది. సౌండ్ బాక్సు మూగబోయింది. ఆ పూట అటక మీంచి ఎర్ర పుస్తకమే దిగొచ్చింది. రాయించుకున్నవాళ్లలో ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడు. అంతకుముందు, 2024 జులై 19న, ఎవరో పంపిన ఒక తప్పు అప్‌డేట్‌కి ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు నీలంగా మారితే, మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఫొటోలు చూశాను. మా గుమాస్తా దస్తూరీ ఇంకా గుండ్రంగా ఉంటుంది.

మధ్యలో లేవాల్సొచ్చింది, మన్నించాలి. మామ్మగారు మళ్లీ వచ్చారు. తమకేసి ఓసారి భయంగా చూసి, తమరు పడుకున్నారని తెలిసి, "అయితే పోపు కట్టు" అన్నారు. కట్టాను. ఈ కాగితం మూలనే పది రూపాయలు రాసుకున్నాను, తమరు లేచాక ఎక్కిస్తాను.

41 శాతం.

ఇట్లు,
తమ విధేయుడు,
యూజర్–2

(అడ్మిన్ మావాడు. పాస్‌వర్డ్ నాకు చెప్పలేదు.)