ఊరు అక్కడే, జిల్లానే తిరుగుతోంది

భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని బళ్లో చెప్పారు. ఊరు కదలకుండా జిల్లాలన్నీ తిరిగి రావచ్చని మాత్రం చెప్పలేదు. ఆ పాఠం కావాలంటే శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వెళ్లాలి.

అక్కడ 1950లో పుట్టిన ఒక తాతను ఊహించుకోండి. పుట్టింది మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో. మాటలొచ్చేసరికి ఆంధ్ర రాష్ట్రం, బడికెళ్లేసరికి ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లా వాడయ్యాడు. 2014లో రాష్ట్రాన్ని పంచుకున్నప్పుడు మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, కలెక్టరాఫీసేమో మన్యం ఆ చివర పాడేరులో. ఇంత దేశాటన చేసినా తాత నులకమంచం చింతచెట్టు కింద నుంచి జరగలేదు. అందుకే నాదొక సూచన: ఈ ప్రాంతం సర్టిఫికెట్లలో జిల్లా పేరును పెన్సిల్‌తో రాయాలి. రబ్బరు ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

భద్రాచలం సంగతి ఇంకా ముచ్చటైనది. పట్టణం తెలంగాణకు, చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రకు వచ్చాయి. రాముడు ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు ఇంకో రాష్ట్రంలో. పద్నాలుగేళ్లు అడవిలో ఉన్నాయన కాబట్టి సర్దుకున్నాడు. పక్కనే ఆంధ్రలో ఉన్న ఎటపాక వాళ్లు మాత్రం కూరగాయలకని బయల్దేరి అంతర్రాష్ట్ర ప్రయాణం చేసి వస్తున్నారు.

వరదైనా అంతే. కూనవరం ఇళ్లలోకి నీళ్లొస్తాయా రావా అన్నది భద్రాచలంలో కొలిచి చెబుతారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇవి కాక గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు వారి మీటర్లున్నాయి. 41.15 కాంటూరు, అంటే సముద్రమట్టం నుంచి అన్ని మీటర్ల ఎత్తున గీసిన గీత, లోపలుంటే ముందు మునుగుతారు, 45.72 లోపలుంటే తర్వాత. ముందు మునిగేవాళ్లకు ముందు పరిహారం. తర్వాత మునిగేవాళ్లు వరస తప్పకుండా ఆగాలి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఈ వరసను అస్సలు పాటించలేదు. రెండో జాబితాలోని కోయ, కొండరెడ్డి గూడేల్లోకి కూడా దూరింది. నదికి ఇంత క్రమశిక్షణ లేకపోతే ఎలాగండీ?

అన్నట్టు, లాంచీల్లో పాపికొండలు చూసి ‘ఎంత ప్రశాంతంగా బతుకుతున్నారో’ అంటూ కొండరెడ్ల వెదురు బొమ్మలు బేరమాడే పర్యాటకుల మీద నాకేం ఫిర్యాదు లేదు. వాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు.

2025 చివర్లో ఈ మండలాలకు మరో జిల్లా ప్రకటించారు. పేరు పోలవరం, కేంద్రం రంపచోడవరం. పోలవరం ఊరు మాత్రం అందులో లేదు, అది ఏలూరు జిల్లాది. ఊరు లేకపోయినా పేరు వచ్చింది. మునిగే మండలాలకు ముంచే ప్రాజెక్టు పేరే పెట్టుకునే అవకాశం అందరికీ దొరుకుతుందా?

ఈ శుభవార్త చెబితే తాత అంతా విన్నాడు.

“ఆఫీసు రంపచోడవరంలోనా? అయితే బస్సు ఎన్నింటికంట?”