ఫాంప్రిడిన్ జ్ఞాపకశక్తి మాత్ర కాదు

ఎంత వద్దన్నా మిత్రులు, బంధువులు మళ్ళీ మళ్ళీ పంపుతున్న సందేశం సారాంశం ఇది: ఫాంప్రిడిన్ మాత్ర మెదడు కణాల్లోని పొటాషియం ఛానెళ్లను (పొటాషియం బయటికి పోయే దారులను) మూసి సంకేతాల వేగం పెంచుతుంది కాబట్టి జ్ఞాపకశక్తి పెరుగుతుందట, పక్షవాతం వచ్చినవారు నడుస్తారట, త్వరగా గుణం కనిపించాలంటే రెండు మాత్రలు ఒకేసారి వేసుకోవాలట, అరటిపండు మానేయాలట.

అరటిపండు మానేయనక్కరలేదు. మందు ఛానెల్‌ను మూస్తుంది తప్ప తిండిలోని పొటాషియంతో దానికి పేచీ లేదు.

మూస్తే వేగం పెరుగుతుందన్నది సగం మాటే. పొటాషియం బయటికి పోవడం వల్లనే న్యూరాన్ (నాడీకణం) ఒక సంకేతాన్ని ముగించి మరొకదానికి సిద్ధమవుతుందని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లోనే స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద లెక్కకట్టి చూపారు. ఆ దారి మూస్తే సంకేతం నిడివి పెరుగుతుంది, నరం కొసలోకి కాల్షియం ఎక్కువగా చేరుతుంది, పక్క కణానికి సంకేతం అందించే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది. అయితే ఇతర కణాలను అదుపులో ఉంచే కొన్ని చురుకైన న్యూరాన్లలో, సంకేతాన్ని మొదలుపెట్టే సోడియం ఛానెళ్లు తేరుకునే వ్యవధి చిక్కక, వేగం తగ్గనూవచ్చు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో, నరాలను కప్పి ఉంచే మైలిన్ తొడుగు ఊడినచోట జారిపోతున్న పొటాషియాన్ని ఆపి, ఈ మందు కొందరి నడకను మెరుగుపరుస్తుంది. అమెరికాలో 2010లో అనుమతి లభించింది అందుకే. పక్షవాతం తర్వాతి నడక కోసం జరిపిన ప్రయత్నాన్ని ఫలితం లేక 2016లో ఆపేశారు.

ఇక రెండు మాత్రలు. ఇది రాసిన మనిషి మందు డబ్బాలోని కాగితమైనా విప్పి చూశాడా? 10 మిల్లీగ్రాముల మాత్ర, 12 గంటల ఎడం, నలపకుండా విరవకుండా మింగాలి, ఒక పూట మరిచిపోతే రెండు కలిపి వేసుకోరాదు. ఎందుకంటే మోతాదు పెరిగేకొద్దీ ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. మూర్ఛను అధ్యయనం చేసే ప్రయోగశాలల్లో ఎలుక మెదడు ముక్కను ఈ మందు కలిపిన ద్రవంలో ఉంచితే, కాసేపటికే న్యూరాన్లన్నీ ఒక్కసారిగా సంకేతాలు వదలడం మొదలుపెడతాయి. అమెరికాలో పక్షులను తరిమే విషంలో ఉన్నదీ ఇదే పదార్థం. పైగా ఇది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక, కిడ్నీలు మందగించిన పెద్దవారిలో ఒంట్లోనే పేరుకుంటుంది. సందేశం వెళ్తున్నదేమో ఆ పెద్దవారికే!

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కేసీఎన్ఏ2 జన్యువులోని కొన్ని మార్పుల వల్ల పొటాషియం ఛానెల్ అతిగా పనిచేసే అరుదైన మూర్ఛలో ఇదే మందు మేలు చేసింది: 2021లో వెలువడిన నివేదికలో 11 మందిలో 9 మంది మెరుగయ్యారు. అయితే వారికి ముందు జన్యుపరీక్ష జరిగింది, మందు వైద్యుల కనుసన్నల్లో ఇచ్చారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే రెండు మాత్రలు వేసుకుని ఉంటే, ఫిట్స్ వచ్చేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మాత్రల అట్టను కూడా వెంట పట్టుకెళ్ళండి.