సూది పట్టిన చేతికి ధర తెలియాలి

నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదేనని చెప్పే చట్టబద్ధ ముద్ర, దక్కింది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి చేరి, తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చిన పని ఇది. నరసాపురం, పాలకొల్లు, రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఈ అల్లిక రాని ఇల్లు తక్కువ. గుర్తింపు వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాం. కానీ ఆ ముద్ర వల్ల అల్లే మనిషి కూలి ఎంత పెరిగిందన్నదే అసలు ప్రశ్న.

పని జరిగే తీరు చూస్తే ఎక్కడ చిక్కుందో తెలుస్తుంది. ఏజెంటు దారం, నమూనా తెచ్చిస్తారు. వంట, గిన్నెలు, పిల్లల పని తెమిలాక మధ్యాహ్నం అరుగు మీద, మళ్లీ రాత్రి ట్యూబ్‌లైటు కింద అల్లిక సాగుతుంది. తెల్ల దారం కదా, వేలికి కాస్త పసుపో నూనో అంటినా ఆ ముక్క పనికిరాదు. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే ఇంకో ఇంట్లో అంచు అల్లుతారు. వాటన్నిటినీ కలిపే అతుకుపని మరొకరిది. ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెల్లో సర్దడం వ్యాపారుల గోదాముల్లో జరుగుతుంది. పువ్వు అల్లిన ఆవిడ చాలాసార్లు పూర్తయిన టేబుల్ క్లాత్‌ను కూడా చూడదు. అది ఏ దేశం వెళ్లిందో, ఎంతకు అమ్ముడైందో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఏజెంటు చెప్పిందే రేటు, ఇచ్చినప్పుడే డబ్బు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లలో అధ్యయనం చేశారు. ఇక్కడి ఆడవాళ్లు విదేశీ మార్కెట్ కోసం గంటల తరబడి పనిచేస్తున్నా, వాళ్లను కార్మికులుగా లెక్కించడం లేదని, వాళ్ల పనిని ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే కాలక్షేపంగా చూస్తున్నారని తేల్చారు. దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. ఆ చూపు ఇంకా పోలేదు.

అందుకే మహిళలకు శిక్షణ అనగానే మళ్లీ అల్లిక నేర్పే తరగతులు పెట్టడాన్ని మేము ఒప్పుకోలేం. ఎనిమిదేళ్లప్పుడే సూది పట్టిన మనిషికి అల్లిక నేర్పి, సర్టిఫికెట్ చేతికిచ్చి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోతే ఎవరికి లాభం? ఆమెకు నేర్పాల్సింది ధర కట్టడం. ముక్కకు ఎన్ని గంటలు పట్టాయి, దారం ఖరీదెంత, రవాణా ఎంత, పాడైన ముక్కల నష్టం ఎంత అన్నీ నోటుబుక్కులో రాసి, దాని మీద తన కూలి వేసి, అప్పుడు రేటు చెప్పడం రావాలి. ఆర్డరు కాగితంలోని కొలతలు చదవడం, గడువు ఒప్పుకునే ముందు లెక్క చూసుకోవడం, సరుకును పగటి వెలుగులో ఫొటో తీయడం, బిల్లు రాయడం, ఇవన్నీ ఆ తరగతిలోనే ఉండాలి. కొత్త డిజైన్లూ కావాలి. టేబుల్ క్లాత్‌ల మీదే ఆధారపడితే, చవగ్గా వచ్చే మెషీన్ లేసుతో పోటీ పడటం కష్టం.

లెక్క వచ్చినంత మాత్రాన సరిపోదు, చేతిలో పెట్టుబడి ఉండాలి. దారం ముందే కొనాలి, డబ్బు సరుకు వెళ్లిన కొన్ని వారాలకు గానీ రాదు. డ్వాక్రా సంఘాల వల్ల మన ఆడవాళ్లకు బ్యాంకు గుమ్మం కొత్త కాదు. అయితే సంఘం అప్పు ఇంటి అవసరాలకే చాలదు. పిల్లల ఫీజులు, ఆసుపత్రి ఖర్చులు ఆగవు కదా. ఆర్డరు చూపిస్తే గ్రామ సమాఖ్యకు విడిగా పెట్టుబడి అప్పు ఇచ్చే ఏర్పాటు ఉండాలి. చేతివృత్తుల వారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. శిక్షణకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నారు. దర్జీ ఉన్నాడు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు, లేసు అల్లేవారు మాత్రం లేరు. వాళ్లను చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలో గట్టిగా అడగాలి.

ఇంట్లో కూర్చుని పనిచేసేవారికి హక్కులెలా ఇస్తాం అనే వాదన నిలవదు. తెలంగాణలో ఇంటి దగ్గరే బీడీలు చుట్టే మహిళలకు 1966 నాటి చట్టం కార్మికులుగా గుర్తింపునిచ్చింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క వచ్చింది, పీఎఫ్ వచ్చింది. యజమాని ఎవరో చూపలేని ఆడవాళ్లకు యూనియన్ ఏమిటని అహ్మదాబాద్‌లో కార్మిక శాఖ మొదట కాదన్నా, కార్మిక నాయకురాలు ఇలా భట్ పట్టు వదలకుండా 1972లో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ను రిజిస్టర్ చేయించారు. బీడీకి కుదిరిన లెక్క లేసుకు ఎందుకు కుదరదు? వ్యాపారులు, ఏజెంట్లు, అల్లేవారు ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి ముక్క రేటు ఖరారు చేసే బాధ్యత ప్రభుత్వానిదే.

దానికన్నా ముందు ఒక పని ఉంది. భౌగోళిక గుర్తింపు ముద్ర వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా రిజిస్టర్ కావాలి. ఆ జాబితాలో ఎగుమతిదారుల పేర్లతో పాటు అల్లే మహిళల పేర్లూ ఉండాలి. దరఖాస్తు నింపడం వాళ్లంతట వాళ్ల వల్ల అయ్యే పని కాదు. సచివాలయ సిబ్బంది, సమాఖ్యల యానిమేటర్లు ఊరూరా ఉన్నారు. లేసు అల్లే ఇళ్లకు వెళ్లి పేర్లు రాసుకుని, హస్తకళాకారుల గుర్తింపు కార్డుకూ అదే రోజు దరఖాస్తు పెట్టించే పనిని పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల కలెక్టర్లు ఈ నెలలోనే మొదలుపెట్టాలి.