జానపదులారా, నిశ్శబ్దం పాటించండి

మా పట్టణపు గ్రంథాలయంలో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద "నిశ్శబ్దం పాటించవలెను" అని పెద్దక్షరాల బోర్డు కనిపిస్తుంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రోజును ప్రాంతీయ జానపద సంస్కృతికి, స్థానిక చరిత్రకు కేటాయించి, ఆ కార్యక్రమాన్ని మూడేళ్లుగా సరిగ్గా ఆ బోర్డు కిందనే జరుపుతున్నారు. నోరు ఆడితే తప్ప బతకని విద్యలను, నోరు మూసుకుని కూర్చోవడమే ప్రథమ నియమంగా గల సంస్థకు అప్పగించడం పిల్లికి పాలకుండ కాపలా పెట్టడం వంటిదని కొందరు గిట్టనివారు అంటున్నారు. ఆ కార్యక్రమ సలహా సంఘంలో సభ్యుడిగా, సమావేశానికి రెండు జంతికలు, ఒక టీ చొప్పున పారితోషికం పుచ్చుకుంటున్నవాడిగా, పైగా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు కడుతున్న పౌరుడిగా, ఈ అపవాదును ఖండించవలసిన బాధ్యత నా మీద ఉంది.

ముందుగా తేదీ సంగతి చెప్పాలి. నవంబరు మూడో వారమంటే మన గోదావరి డెల్టాలో సార్వా కోతలు ముమ్మరంగా సాగే రోజులు. ఊడ్పు పాటలు, కోత పాటలు, దంపుళ్ల పాటలు ఎవరి నోట ఉన్నాయో ఆ మనుషులందరూ ఆ వారం చేలల్లోనే ఉంటారు. బంగాళాఖాతంలో వాయుగుండమని వార్త వినిపించిందా, కోసిన పనలు కుప్ప పడేదాకా వారికి తిండీ నిద్రా ఉండవు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ వారికి ఈ తొందర ఒకరు నేర్పనక్కరలేదు. అందువల్ల మా జానపద దినోత్సవానికి జానపదులు రారు. వచ్చేవారు బడి నుంచి వరుసగా నడిపించి తెచ్చిన రెండు తరగతుల పిల్లలు, పేపరు చదవడానికి ఎలాగూ వచ్చే పెద్దలు, కుర్చీలు లాక్కున్నారని విసుక్కునే గ్రూప్స్ అభ్యర్థులు. వేసవిలో కాలువలు కట్టేశాక పొలం పనులు తగ్గుతాయి గనుక కార్యక్రమాన్ని మే నెలకు మార్చవచ్చునని ఒక సభ్యుడు సూచించాడు. ఆ ఎండల్లో ముఖ్య అతిథులు రారని సంఘం ఆ సూచనను ఏకగ్రీవంగా తిరస్కరించింది. ముఖ్య అతిథి లేని సభను ఊహించలేము గానీ, జానపదుడు లేని జానపద సభను మూడు సార్లు విజయవంతంగా నిర్వహించాము.

మొదటి ఏడు వీరనాట్యం పెట్టారు. ద్రాక్షారామం సీమలో వీరభద్రుడి పేరు చెప్పి ఖడ్గాలనే స్తుతులు చదువుతూ, వాయిద్యం మోగుతుండగా "శరభ శరభ" అంటూ ఆడే ఆట అది. పక్క గదిలో అభ్యర్థులు మాదిరి ప్రశ్నపత్రం రాస్తున్నందున వాయిద్యం లేకుండా, కేకలు లేకుండా, వీలైతే కాళ్లకు గజ్జెలు కూడా లేకుండా ఆడవలసిందిగా కళాకారులను మర్యాదగా కోరాము. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "ఆయ్, అలాగేనండి" అన్నారు. గోదావరి వారి మర్యాద ఎంత దూరమైనా వెళ్తుందనడానికి ఆ రోజు ఆ నలుగురు చప్పుడు చెయ్యకుండా చూపిన రౌద్రమే సాక్ష్యం. ఆ గదిలో ప్రశ్నపత్రం రాస్తున్న కుర్రవాడికి పదిహేడో ప్రశ్న వీరనాట్యం గురించే వచ్చిందట. తల ఎత్తకుండానే సరైన జవాబు గుర్తించాడు.

రెండో ఏడు వచ్చిన తోలుబొమ్మలాటను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానికి ఆలోచన అందించింది నేనే. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో ఈ విద్య తరతరాలుగా ఉంది. తోలును వెలుగు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, చీకట్లో తెల్లని తెర వెనక దీపం పెట్టి ఆడిస్తే, రావణుడి పది తలలూ తెర మీద మండిపోతున్నట్టు కనిపిస్తాయి. ఆట రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. అయితే గ్రంథాలయం వేళలు ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు. రాత్రి తలుపులు తెరిచి ఉంచాలంటే పై అధికారి అనుమతి కావాలి, ఆ అనుమతికి ప్రతిపాదన కావాలి, ప్రతిపాదనకు ఒక శీర్షిక కావాలి. "రావణవధ నిమిత్తం అదనపు వేళలు" అనే శీర్షికను ఆడిట్ వారు ఒప్పుకోరని అటెండరు గారు అనుభవం మీద సెలవిచ్చారు. కాబట్టి ఉదయం పది గంటలకు, ఆరు ట్యూబులైట్ల కింద, కిటికీల్లోంచి ఎండ పడుతుండగా ఆట జరిగింది. తెర మీద ఏమీ కనిపించలేదు. అరగంట చూసి, బొమ్మలను బల్ల మీద పరిచి, ఒక్కొక్క దాని పక్కన పేరు, కొలత రాసి పెట్టమన్నాము. ఆరడుగుల హనుమంతుడు బల్ల చాలక మోకాళ్ల దగ్గర మడతపడ్డాడు. బొమ్మలాడించే పెద్దాయన తన బొమ్మను అలా చూడలేక గబగబా చుట్టబెడుతుంటే, ప్రదర్శన వస్తువులను ముట్టుకోరాదని ఆయనకు నేనే చెప్పాను. అలవాటు మీద నోట వచ్చేసింది.

బుర్రకథ విషయంలో మా మీద వచ్చిన విమర్శ మరీ అన్యాయమైనది. తెల్లదొరల ప్రభుత్వం బుర్రకథ మీద నిషేధం విధించి చెడ్డపేరు తెచ్చుకుంది. మేము నిషేధించలేదు, 12 నిమిషాలు ఇచ్చాము. వందన సమర్పణకు 20 నిమిషాలు పట్టింది, అది వేరే విషయం. కథకుడికి ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత ఉండాలనేది సంప్రదాయం గనుక, దాన్ని మన్నించి ఇద్దరినీ వేదిక ఎక్కించాము. ప్రభుత్వ భవనం కాబట్టి రాజకీయాలు వద్దని మొదటి వంతకు, ముఖ్య అతిథి ముందు వరసలో ఉన్నారు కాబట్టి హాస్యం వద్దని రెండో వంతకు చెప్పాము. ఇద్దరూ గుమ్మెటలు పట్టుకుని కథకుడికి అటూ ఇటూ ద్వారపాలకుల్లా నిలబడ్డారు. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి శివుడి పేర భుజాల మీద తరలివచ్చే ఎత్తైన ప్రభల సంగతి కూడా సంఘం పరిశీలించింది. కౌశిక ఏరు దాటగలిగిన ప్రభ మా ద్వారబంధం దాటలేదని తేలడంతో థర్మాకోలుతో మూడడుగులది చేయించాము. అది ఫ్యానుకు తగిలింది.

ఇక స్థానిక చరిత్ర. మా గ్రంథాలయం దృష్టిలో అది 1847లో మొదలై 1852లో ముగుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టకు, కాటన్ దొరకు మేమంతా రుణపడి ఉన్నామన్నది నిజమే, ఆ నీళ్లతోనే ఈ జంతికల బియ్యం పండింది. కానీ ఏటా వ్యాసరచన పోటీకి అదే అంశం ఇస్తే పాత వ్యాసాలే పనికొస్తాయి, దిద్దేవారికి శ్రమ ఉండదు. దొరకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు ఒకరిద్దరు రాస్తారు. రాళ్లు మోసినవారి పేర్లు ఎవరూ రాయరు. 1839 ఉప్పెనకు కొట్టుకుపోయిన కోరంగి రేవు గురించో, పాలకొల్లులోని డచ్చి సమాధుల గురించో ఎందుకు పెట్టరని ఎవరైనా అడగవచ్చు. డచ్చివారి సంగతి చెప్పాలంటే డచ్చి భాష రావాలి. ద్రాక్షారామం శాసనాలు చూడాలంటే ద్రాక్షారామం వెళ్లాలి, దానికి టీఏ రాదు.

కిందటి ఏడు ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆనకట్టను వదిలేసి, తన తాతగారి మీద వ్యాసం రాసింది. ఆయన గట్టు వెంట తాడు లాగుతూ ధాన్యం పడవ నడిపించడం, లాకుల దగ్గర నీళ్లు నిండేదాకా పడవ వారంతా వంట చేసుకుంటూ పాడుకోవడం, ఒకసారి లాకు తలుపు పడక రాత్రంతా అక్కడే ఉండిపోవడం, అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. సంఘం ఆ వ్యాసాన్ని చాలా శ్రద్ధగా చర్చించింది. ఉపయుక్త గ్రంథాల పట్టిక లేకపోవడం మొదటి లోపం. తాత ఇంకా బతికే ఉండటం రెండోది. బతికున్న మనిషి చరిత్ర కిందకు రాడు, వర్తమాన వ్యవహారాల కిందకు వస్తాడు, దానికి వేరే బీరువా ఉంది.

పాతకాలం వారికి ఈ క్రమశిక్షణ లేదు. సర్వే అధికారి మెకంజీ దొర కోసం ఏలూరు వాడైన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు ఊరూరా తిరిగి, గుళ్లలో శాసనాలు చదివి, కరణాల అరుగుల మీద కూర్చుని కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేయించారు. రాజమహేంద్రవరం ప్రాంతపు నేదునూరి గంగాధరం గారు పల్లెల వెంట తిరిగి పాటలు, సామెతలు సేకరించారు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురులోనే పుట్టి, 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే ఏకంగా పడవలో పుస్తకాలు వేసి కాలువ మీద ఊళ్లకు పంపారు. అది కృష్ణ కాలువ కాబట్టి మా పరిధిలోకి రాదని తీర్మాన పుస్తకంలో రాసుకున్నాము. ఈ పెద్దలందరిలోనూ కనిపించే లోపం ఒక్కటే, జనం దగ్గరికి తామే వెళ్లారు. ఇప్పుడు ఆ శ్రమ లేదు. పాట తెలిసినవారు "సమాచార దాత" దరఖాస్తును మూడు ప్రతుల్లో నింపి, ఆధార్ జిరాక్సు జతచేసి, పని దినాల్లో హాజరైతే చాలు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. 1925లో పశ్చిమ గోదావరి విడిపోయినప్పుడే ఒకసారి లేబుళ్లు మార్చారట. 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టగానే ద్రాక్షారామం, జగ్గన్నతోట కోనసీమకు, మాధవపట్నం కాకినాడకు వెళ్లిపోవడంతో, వీరనాట్యం కాగితాలను ఎవరి బీరువాలో ఉంచాలన్న ప్రశ్న తలెత్తింది. గోదావరి వరదకు పొలం గట్లు చెరిగిపోతే రైతులు రెండు రోజుల్లో తేల్చుకుంటారు. మేము ఇంకా ఉత్తరప్రత్యుత్తరాల్లోనే ఉన్నాము.

దరఖాస్తు నింపి వచ్చిన సమాచార దాత ఈ మూడేళ్లలో ఒక్కరే. కాలువ అవతలి పేటలో ఉండే మామ్మ ఆవిడ. ఎనభై దాటాయి, కోతలకు వెళ్లే ఓపిక లేదు కాబట్టి వచ్చింది. వెనక వరండాలో కూర్చోబెట్టి, మెల్లగా పాడమన్నాము. ఎంతసేపటికీ గొంతు పెగలలేదు. "చేతిలో తిరగలి లేకుండా పాట రాదు బాబూ" అంది. చివరికి బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ పట్టుకుని తిరగలి తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతూ మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. మధ్యలో రెండుసార్లు బల్ల చప్పుడవుతోందని లోపల్నుంచి ఫిర్యాదు వచ్చింది. నలభై ఒక్క పాటలు నా సెల్‌ఫోనులో పట్టుకుని పెన్‌డ్రైవులోకి ఎక్కించి గ్రంథాలయానికి సమర్పించాను.

వచ్చిన ప్రతి వస్తువునూ పుస్తకాల రిజిస్టరులో ఎక్కించాలి. గ్రంథనామం: పాటలు. రచయిత: అజ్ఞాతం. అలా రాస్తున్నప్పుడు మామ్మ ఎదురుగానే కూర్చుని మంచినీళ్లు అడుగుతోంది. ధర: రూ. 450, పెన్‌డ్రైవు బిల్లు ప్రకారం. పుటలు: అక్కడ ఏం రాయాలో తోచక గడి ఖాళీగా వదిలారు. బీరువాలో పెట్టి తాళం వేశారు. విను పరికరం మంజూరు కాలేదు కాబట్టి అది అక్కడ సంపూర్ణమైన నిశ్శబ్దంలో భద్రంగా ఉంది.

ఈ ఏడు నిల్వల తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్క గ్రంథాన్నీ సరిచూస్తూ, ఈ సంఖ్య దగ్గర ఆగి, వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, రిమార్కుల గడిలో "పుటలు లోపించినవి" అని రాశారు. పుటలు లోపించిన గ్రంథానికి దాన్ని ఆఖరున చేతపట్టినవారు రెట్టింపు ధర చెల్లించాలి. ఆఖరి సంతకం నాది. రూ. 900 కట్టవలసిందిగా తాఖీదు వచ్చింది. నియమం నియమమే; నేను దానికి వంక పెట్టను.

దారిలో మామ్మ కనిపిస్తే మాటల సందర్భంలో ఈ సంగతి చెప్పాను. ఆవిడ చాలా నొచ్చుకుంది. "నా పాటల మూలంగా నీకు దండుగేంటి బాబూ" అంటూ కొంగు ముడి విప్పి వంద రూపాయల నోటు నా చేతిలో పెట్టబోయింది. నేను పుచ్చుకోలేదు. జరిమానాలను వాయిదాల్లో స్వీకరించరని సంఘ సభ్యుడిగా నాకు తెలుసు.